ఫోను ఎత్తేవారి ఖర్చు ఎవరిది?

కోనసీమలోని ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం ఇప్పుడు ఫోను మీదే నడుస్తోంది. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఆర్డరు ఫోనులో వస్తుంది, డబ్బు ఫోనులో పడుతుంది, పార్సిలు ఎక్కడిదాకా వెళ్లిందో ఫోనే చెబుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కాక ఆ మిఠాయి పేరు ఇంకాస్త దూరం పాకింది. కానీ కుండ మీద రేకు తీసే ఆడవాళ్లలో ఎందరికో ఫోను అంటే ముఖ్యంగా వచ్చే కాల్. గల్ఫ్‌లో ఉన్న కూతురు చేసేది, రేపటికి ఎన్ని రేకులు కావాలో చెప్పడానికి దుకాణం వాళ్లు చేసేది. వీళ్లు చేసే కాల్స్ తక్కువ, ఎత్తేవి ఎక్కువ.

చేసినవారిది ఒక కంపెనీ, ఎత్తినవారిది మరో కంపెనీ అయినప్పుడు ఎత్తిన వైపు టవరు, కరెంటు, కేబులు కూడా పనిచేయాలి. ఆ ఖర్చు ఎవరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి? ఈ ఒక్క ప్రశ్న మీద మన దేశంలో పాతికేళ్లకు పైగా మంత్రులు, కంపెనీలు, కోర్టులు, నియంత్రణ సంస్థ తలపడుతూనే ఉన్నాయి. నిమిషానికి కొన్ని పైసలుగా కనిపించే ఈ లెక్క వేల కోట్లను ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చింది. ఆ చరిత్రనంతా వరుసగా చూస్తే నాకు తేలే సంగతి ఇది: ప్రతి సంస్కరణా కాల్ చేసేవారికి ఏదో ఒక మేలు చేసింది. కాల్ ఎత్తే పల్లెమనిషిని నెట్‌వర్క్‌లో నిలబెట్టే ఖర్చు ఎవరిదన్న ప్రశ్నను మాత్రం ప్రతిసారీ వాయిదా వేసింది.

దూరపు కాల్ మోసిన బరువు

ప్రైవేటు కంపెనీలు రాకముందు టెలికం శాఖే సర్వస్వం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే దానికి ఆధారం. అప్పటి లెక్కలో ఎస్టీడీ, ఐఎస్డీ రేట్లు అసలు ఖర్చుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మిగులుతోనే ఇంటి ఫోను అద్దె, లోకల్ కాల్ చవగ్గా ఉండేవి. పల్లెలకు లైన్లు వేసే డబ్బు కూడా అందులోంచే వచ్చేది. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలై దేశమంతా వ్యాపించింది. మన ఊళ్లకు ఎస్టీడీ బూతులు వచ్చింది ఆ ఊపులోనే. రాత్రి బాగా పొద్దుపోయాక పావు రేటు ఉంటుందని బూతుల ముందు వరస కట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది.

దూరపు కాల్ చేసేవాళ్లు డబ్బున్నవాళ్లు, లోకల్ కాల్ చేసేవాళ్లు సామాన్యులు అన్నది ఈ పద్ధతి వెనకున్న నమ్మకం. పెద్ద నగరాల్లో అది కొంత నిజం. కోనసీమలో మాత్రం అది తలకిందులు. ఇక్కడి నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనులకు కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లారు. వాళ్లతో రెండు ముక్కలు మాట్లాడాలనుకున్న తల్లులే ఐఎస్డీ మీటరు వైపు భయంగా చూశారు. అంటే దేశంలో చవక లోకల్ కాల్స్‌కు సబ్సిడీ ఇచ్చినవాళ్లలో గోదావరి జిల్లాల వలస కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ సంగతి ఏ బిల్లు మీదా రాసి ఉండేది కాదు. కనిపించని సబ్సిడీతో వచ్చే పెద్ద అన్యాయం ఇదే: ఎవరు ఇస్తున్నారో, ఎవరికి చేరుతోందో ఎవరూ అడగలేరు.

నియంత్రణ సంస్థ పుట్టుక, తొలి పోరు

పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1994లో తెచ్చిన జాతీయ టెలికం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. 1995 జూలై 31న కలకత్తాలో ఉన్న జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న సుఖ్ రామ్‌తో మాట్లాడిన కాల్ దేశంలో మొదటి మొబైల్ కాల్. అప్పట్లో రద్దీ వేళల్లో చేసిన కాల్‌కు నిమిషానికి 16 రూపాయలకు పైనే, ఎత్తిన కాల్‌కూ చార్జీ. మరుసటి ఏడాదికే సుఖ్ రామ్ ఇంట్లో కోట్ల నగదు దొరికి, టెలికం అంటే కుంభకోణం అన్న మాట జనంలో నాటుకుపోయింది. లైసెన్సులిచ్చేదీ, పోటీదారుగా ఉన్నదీ, తీర్పరీ అంతా ఒకే శాఖ అయితే ఎలా అన్న ప్రశ్నకు జవాబుగా 1997 ఫిబ్రవరి 20న భారత టెలికం నియంత్రణ సంస్థ, ట్రాయ్, ఏర్పడింది.

ట్రాయ్ 1999 మార్చిలో మొదటి పెద్ద టారిఫ్ ఉత్తర్వు ఇచ్చింది. ఎస్టీడీ, ఐఎస్డీ తగ్గాలి, అద్దె, లోకల్ చార్జీలు అసలు ఖర్చుకు దగ్గరగా జరగాలి అన్నది దాని సారం. ఆర్థికంగా అది సరైన దారే. రాజకీయంగా నిప్పు. తగ్గిన ఎస్టీడీ రేటుకు ఎవరూ దండ వేయరు, పెరిగిన అద్దెకు మాత్రం ప్రతి ఇల్లూ లెక్క అడుగుతుంది. అదే ఏడాది ఎత్తినవారిపై చార్జీ తీసేసి, చేసినవారే చెల్లించే పద్ధతి తేవాలని ట్రాయ్ ప్రయత్నించింది. 2000 జనవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే నెలలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ట్రాయ్‌ని తిరిగి నిర్మించింది, వివాదాల విచారణను విడదీసి టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1న టెలికం శాఖ సర్వీసులు బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీ అయ్యాయి. పోటీకి కావలసిన సంస్థలన్నీ అప్పటికి అమరాయి. పల్లె ఖర్చు ఎవరిదన్నది మాత్రం తేలలేదు.

2003: ఎత్తినందుకు చార్జీ పోయింది, కొత్త సుంకం వచ్చింది

2003 జనవరి 24న ట్రాయ్ ఇచ్చిన ఇంటర్‌కనెక్షన్ నిబంధనలు మే 1 నుంచి అమలయ్యాయి. మొబైల్‌కు వచ్చే కాల్ ఉచితమైంది. సామాన్యుడి చేతిలోకి మొబైల్ వచ్చింది నిజానికి ఆ రోజే. చేసినవారి కంపెనీ ఎత్తినవారి కంపెనీకి టెర్మినేషన్ చార్జీ కట్టాలి, అదే జనం నోట ఐయూసీగా స్థిరపడింది. 2004 ఫిబ్రవరి నుంచి అది దేశమంతా ఒకే రేటుకు, నిమిషానికి 30 పైసలకు వచ్చింది.

దానికి తోడుగా వచ్చిందే యాక్సెస్ డెఫిసిట్ చార్జి, ఏడీసీ. పల్లెల్లో నష్టానికి ల్యాండ్‌లైన్లు నడుపుతున్న బీఎస్ఎన్ఎల్‌కు ఆ లోటు పూడ్చడానికి ఇతర కంపెనీలు కట్టే సొమ్ము ఇది. ప్రైవేటు కంపెనీలు దీన్ని ప్రభుత్వ సంస్థకు మేత అన్నాయి. మేము లేకపోతే ఆ ఊళ్లకు ఎవరు వెళ్తారని బీఎస్ఎన్ఎల్ అడిగింది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అసలు తప్పు దాన్ని వసూలు చేసిన తీరులో జరిగింది. విదేశం నుంచి వచ్చే ప్రతి నిమిషం మీదా 4 రూపాయల 25 పైసలు ఏడీసీ పడింది. గల్ఫ్ కాల్స్ భారం మళ్లీ గల్ఫ్ కుటుంబాల మీదకే వచ్చింది. అంత సుంకం ఉన్నచోట దొంగదారి లాభసాటి అవుతుంది కదా! కువైట్ నుంచి వచ్చిన కాల్ మన ఫోనులో లోకల్ నంబరుగా కనిపించడం మొదలైంది. ఐఎస్డీ కాల్స్‌ను లోకల్‌గా చూపారన్న అభియోగంపై 2004లో టెలికం శాఖ రిలయన్స్ ఇన్ఫోకామ్‌కు 150 కోట్ల జరిమానా వేసింది.

ఏడీసీని 2006లో కంపెనీల ఆదాయంలో వాటాగా మార్చి, ఏటా తగ్గించుకుంటూ వచ్చి 2008 ఏప్రిల్‌లో దేశీయ కాల్స్‌పైనా, అదే ఏడాది సెప్టెంబరు చివరికి విదేశీ కాల్స్‌పైనా ఎత్తేశారు. 2009-10లో బీఎస్ఎన్ఎల్ మొదటిసారి నష్టం చవిచూసింది. అది ఒక్క ఏడీసీ పోయినందువల్లే కాదు. జీతాల బరువు, పరికరాల కొనుగోళ్లలో జాప్యం కూడా కలిశాయి. అయినా పల్లె లైను లోటు పూడ్చే సొమ్ము ఆగిపోయింది, ఆ లైను నడపాల్సిన బాధ్యత మాత్రం అదే సంస్థ మీద మిగిలింది.

30 పైసల నుంచి సున్నాకు

టెర్మినేషన్ చార్జీ 2009లో 20 పైసలకు, 2015లో 14 పైసలకు దిగింది. 2016 సెప్టెంబరు 5న జియో ఉచిత కాల్స్‌తో వచ్చాక ఈ పైసల మీద అసలు యుద్ధం మొదలైంది. మా కాల్స్ తీసుకోవడానికి తగినన్ని కనెక్షన్ పాయింట్లు ఇవ్వడం లేదని జియో ఫిర్యాదు. ఉచితం పేరుతో కాల్స్ వరద మా మీద వదిలారని పాత కంపెనీల వాదన. ఎయిర్‌టెల్, వోడాఫోన్, ఐడియాలపై కలిపి 3,050 కోట్ల జరిమానా వేయాలని ట్రాయ్ అక్టోబరులో సిఫారసు చేసింది. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి చార్జీని 14 నుంచి 6 పైసలకు కోసి, 2020 జనవరి నుంచి సున్నా అవుతుందని ప్రకటించింది. ఒక్క కంపెనీ కోసమే ఇదంతా అని పాత కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. కొత్త టెక్నాలజీలో మాట మోసే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, పాత నెట్‌వర్క్ ఖర్చును మేమెందుకు భరించాలని జియో అంది.

సున్నా తేదీ దగ్గరపడేకొద్దీ లెక్కలు మారాయి. రెండు వైపులా పోయేవి, వచ్చేవి ఇంకా సమానం కాలేదని గడువును ఏడాది పొడిగించే ప్రతిపాదన వచ్చింది. అప్పుడు జియో 2019 అక్టోబరులో ఇతర కంపెనీలకు చేసే కాల్స్‌కు తన కస్టమర్ల నుంచే 6 పైసలు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఫోను ఎన్ని సెకన్లు మోగాలన్నది కూడా అప్పుడే వివాదమైంది. తక్కువసేపు మోగితే మిస్డ్ కాల్ అవుతుంది, అవతలివాళ్లు తిరిగి చేస్తారు, చార్జీ వాళ్ల కంపెనీ మీద పడుతుంది. చివరికి ట్రాయ్ మొబైల్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు అని నిర్ణయించాల్సి వచ్చింది. రేకు పొయ్యి దగ్గర చేతులు ఖాళీలేని మనిషికి ఆ కొన్ని సెకన్లు ఎంత విలువైనవో ఆ వాదనలో ఎవరూ చెప్పలేదు. 2021 జనవరి 1 నుంచి దేశీయ కాల్స్‌కు టెర్మినేషన్ చార్జీ పూర్తిగా పోయింది.

సున్నా చేయడం తప్పా? కాదనే నా అభిప్రాయం. యూరప్ కూడా మొబైల్ చార్జీని నిమిషానికి 0.2 యూరో సెంట్లకు దించింది. చార్జీ ఎక్కువగా ఉంటే ఏమవుతుందో అమెరికాలోని అయోవా రాష్ట్రం చూపింది. అక్కడి చిన్న గ్రామీణ కంపెనీలకు ఎత్తిన నిమిషానికి మంచి రేటు దక్కేది. దాంతో ఉచిత కాన్ఫరెన్స్ కాల్ సంస్థలు అక్కడికి చేరి, పల్లె కోసం పెట్టిన రేటును వ్యాపారంగా మార్చుకున్నాయి. 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ చార్జీలను దశలవారీగా తగ్గిస్తూ, అదే ఉత్తర్వులో పల్లె నెట్‌వర్క్‌కు కనెక్ట్ అమెరికా ఫండ్ అనే ప్రత్యేక నిధి పెట్టింది. ఒక చేత్తో తీసినది రెండో చేత్తో బహిరంగంగా ఇచ్చింది. మనం మొదటి సగం చేశాం.

ఎత్తే మనిషి భారమైన తీరు

30 పైసలు వచ్చే రోజుల్లో, కాల్స్ మాత్రమే ఎత్తే మనిషి కూడా తన కంపెనీకి ఆదాయం తెచ్చేది. వేరే కంపెనీ ఫోన్ల నుంచి వచ్చే కాల్స్‌లో రోజుకు పది నిమిషాలు మాట్లాడితే మూడు రూపాయలు కంపెనీకి జమ. అందుకే ఆనాడు ఒక్కసారి డబ్బు కడితే జన్మంతా ఇన్‌కమింగ్ అంటూ లైఫ్‌టైమ్ ప్లాన్లు అమ్మారు. ఆ చార్జీ 6 పైసలకు పడిపోయి, రేపోమాపో సున్నా అవుతుందన్నాక ఆమె వల్ల కంపెనీకి వచ్చేది దాదాపు ఏమీ లేకుండా పోయింది. 2018 చివర్లో పెద్ద కంపెనీలు 28 రోజులకు 35 రూపాయల కనీస రీఛార్జి పెట్టాయి, చేయకపోతే వచ్చే కాల్స్ కూడా ఆగుతాయన్నాయి. బ్యాలెన్స్ ఉన్నవాళ్ల కనెక్షన్ తీసేయవద్దని ట్రాయ్ జోక్యం చేసుకుంది, కానీ కనీస రీఛార్జి పద్ధతి పాతుకుపోయింది. చార్జీల యుద్ధంతో మార్కెట్టే చిక్కిపోయింది. ఎయిర్‌సెల్, ఆర్‌కామ్ మూతబడ్డాయి, వోడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, బీఎస్ఎన్ఎల్. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ కొద్ది రోజుల తేడాతో రేట్లు పెంచాయి.

డేటా అక్కర్లేనివాళ్ల కోసం మాట, మెసేజీలు మాత్రమే ఉండే ప్లాన్ తప్పనిసరిగా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. మంచి ఉత్తర్వే. కానీ రేటు కంపెనీల ఇష్టం. మరుసటి నెలలో ఎయిర్‌టెల్ ఏడాది ప్లాన్ 1,849 రూపాయలకు వచ్చింది, నెలకు 150 రూపాయల పైమాటే. 2003లో ఉచితం చేసిన ఇన్‌కమింగ్ కాల్‌కు ఇప్పుడు నెలవారీ రుసుము కడుతున్నాం. దాన్ని ఎవరూ ఇన్‌కమింగ్ చార్జీ అని పిలవడం లేదంతే.

పల్లె పేరిట ఉన్న డబ్బు

పల్లె ఖర్చుకు దేశంలో డబ్బు లేక కాదు. 2002 ఏప్రిల్ నుంచే యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ ఉంది. కంపెనీలు కట్టే 8 శాతం లైసెన్సు రుసుములో 5 శాతం దాని పేరిటే వసూలవుతుంది. ఆ వసూలు చివరకు మన రీఛార్జిలోంచి వచ్చేదే. కానీ ఏళ్ల తరబడి వసూలైనదానికీ ఖర్చుపెట్టినదానికీ మధ్య వేల కోట్ల తేడా నిలిచిపోయింది. ప్రధాన కాలువలో నీరు నిండుగా ఉన్నా శివారు చేనుకు చుక్క చేరకపోతే, నీటి తీరువా కట్టిన ఆ రైతుకు కాలువ ఉన్నట్టా లేనట్టా అన్నది డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. 2023 టెలికం చట్టం ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చి, ప్రయోజనాలను విస్తరించింది. ఖర్చు లెక్క ఊరి స్థాయిలో చెప్పాలన్న నియమం మాత్రం పెట్టలేదు.

రాష్ట్రం తనవంతుగా మరో దారి పట్టింది. ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబులు లాగింది. ఆ ప్రయోగానికి కోనసీమలోని మోరి గ్రామం 2016లోనే వేదికయింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నది అప్పట్లో నమ్మశక్యం కాని మాట. ఆ తర్వాత పథకం పార్టీల మధ్య బంతి అయింది. టెండర్లపై 2021లో సీఐడీ కేసు, 2023లో అందులో చంద్రబాబు పేరు చేర్చడం, ప్రభుత్వం మారాక 2025 ఫిబ్రవరిలో సంస్థ ఛైర్మన్ జీవీ రెడ్డి అధికారులతో విభేదించి రాజీనామా. తప్పులు జరిగి ఉంటే తేల్చాల్సిందే. కానీ ఈ గొడవల మధ్య నలిగినవాళ్లు ఊళ్లోని కేబుల్ ఆపరేటరు, అతణ్ని నమ్మిన చందాదారు.

తర్వాతి పోరు: వీడియో మోసే చార్జీ

ఇప్పుడు గల్ఫ్ కాల్స్ చాలావరకు వాట్సాప్‌లోకి మారాయి. యూఏఈ లాంటి చోట్ల వాట్సాప్ మాటకు అడ్డుకట్ట ఉన్నా, జనం ఏదో ఒక యాప్‌తో దారి వెతుక్కుంటున్నారు. నిమిషం చార్జీ పోయింది కాబట్టి టెలికం కంపెనీలు పాత ప్రశ్ననే కొత్తగా అడుగుతున్నాయి. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, వాట్సాప్ లాంటి పెద్ద సంస్థలు మా నెట్‌వర్క్ వాడుకుంటున్నాయి, అవి మాకు వాటా ఇవ్వాలి అంటున్నాయి. పెట్టుబడి పెట్టినవారికి ప్రతిఫలం ఉండాలన్న వాదనను తేలిగ్గా కొట్టేయలేం.

అయినా ఈ చార్జీకి నేను వ్యతిరేకం. డేటాకు చందాదారు ఇప్పటికే డబ్బు కట్టాడు. అదే డేటాకు రెండో వైపు నుంచి కూడా వసూలు చేస్తే, ఎవరు ఇస్తున్నారో తెలియని సబ్సిడీ మళ్లీ మొదలవుతుంది. దక్షిణ కొరియాలో నెట్‌వర్క్ రుసుములు భరించలేనంటూ ట్విచ్ సంస్థ 2024 ఫిబ్రవరిలో ఆ దేశం వదిలి వెళ్లింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షతో కూడిన డేటా రేట్లను నిషేధించి, కంపెనీకి నచ్చిన వెబ్‌సైటుకు ఒక ధర, మిగతావాటికి ఒక ధర ఉండరాదని తేల్చింది. ఆత్రేయపురంలో సొంతంగా వెబ్‌సైటు పెట్టి పూతరేకులు అమ్ముకునే ఇల్లు దేశంలోని పెద్ద మిఠాయి సంస్థతో సమానంగా కొనేవాడి ఫోనులో తెరుచుకుంటోందంటే ఆ నియమం వల్లే. పెద్ద సంస్థలు చార్జీ కట్టి ముందు వరసలో కూర్చోగలవు. చిన్న అమ్మకందారు కూర్చోలేడు.

తీర్పరి ఎక్కడ నిలబడాలి?

ఈ పోరాటాలన్నిటిలో నియంత్రణ సంస్థ చేతులు ఎన్నోసార్లు కట్టుబడ్డాయి. కాల్ తెగిపోతే రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయల వరకు పరిహారం ఇవ్వాలన్న ట్రాయ్ నిబంధనను 2016 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. లైసెన్సు రుసుముకు కంపెనీల ఆదాయంలో ఏది లెక్కలోకి వస్తుందన్న ఏజీఆర్ వివాదంలో 2019 అక్టోబరు 24న ప్రభుత్వం గెలిచింది. ఏజీఆర్, స్పెక్ట్రమ్ బకాయిల్లో కొంత భాగానికి బదులు షేర్లు తీసుకుని, 2025 నాటికి వోడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతం వాటాదారైంది. లైసెన్సు ఇచ్చేదీ ప్రభుత్వమే, బీఎస్ఎన్ఎల్ యజమానీ ప్రభుత్వమే, ఒక ప్రైవేటు కంపెనీలో పెద్ద వాటాదారూ ప్రభుత్వమే. ఇలాంటప్పుడు ట్రాయ్ బలంగా, స్వతంత్రంగా ఉండటం 1997లోకంటే ఇప్పుడే ఎక్కువ అవసరం.

ఇంత చరిత్ర చూశాక నేను కోరేవి నాలుగు. నిమిషం చార్జీలు ఏ రూపంలోనూ వెనక్కి రాకూడదు. కాల్స్ ఎత్తడమే ప్రధానమైన పేద చందాదారుకు నామమాత్రపు రేటుకు కనెక్షన్ ఇచ్చి, ఆ తేడాను డిజిటల్ భారత్ నిధి నుంచి కంపెనీకి నేరుగా చెల్లించాలి. అమెరికాలో 1985 నుంచి లైఫ్‌లైన్ పథకం పేద ఇళ్ల ఫోనుకు ఇలాగే సాయం చేస్తోంది. మూడోది, ఆ నిధి ఖర్చును పంచాయతీవారీగా ప్రకటించాలి. ఆత్రేయపురం మండలంలో ఎంత పెట్టారు, ఏ పని జరిగింది అన్నది గ్రామసభలో చదివి వినిపించేలా ఉండాలి. నాలుగోది, ట్రాయ్ చర్చాపత్రాలు తెలుగులోనూ రావాలి. రేటు కట్టే మనిషికి ఆ రేటు మీద మాట చెప్పే హక్కు భాష కారణంగా పోకూడదు.

గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ 2024 జూన్ నుంచి కేంద్ర కమ్యూనికేషన్ల సహాయమంత్రిగా ఉన్నారు. అంతకుముందు శ్రీకాకుళం ఎంపీ కిల్లి కృపారాణి ఆ శాఖలోనే సహాయమంత్రిగా పనిచేశారు. తెలుగు గొంతు ఢిల్లీలో లేదని చెప్పలేం. ఇన్నాళ్లూ లేనిది మన ఎంపీలను ఈ విషయం మీద నిలదీసే ఓటరు. ఎన్నికల సభల్లో రోడ్డు, తాగునీరు, పింఛను గురించి అడిగినట్టే, మా రీఛార్జిలోంచి పల్లె పేరిట తీసుకున్న 5 శాతం మా ఊరికి ఎంత వచ్చిందని అడగాలి. ఆ లెక్క అడిగే ఊళ్లు పెరిగితే ఎత్తేవారి ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఇక వాయిదా పడదు.